రాత్రి పువ్వుకు పగటి చీటీ

పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఒక ఉత్తరానికి జవాబు రాస్తూ ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాల్లో పెరిగే అడవి ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ (శాస్త్రీయ నామం ఈనోథెరా సీస్పిటోసా) గురించి నాలుగు వాక్యాలు రాసి వదిలేశాను. దాని ఎండు నమూనాలు హెర్బేరియంలలో, అంటే మొక్కలను ఎండబెట్టి షీట్లనే అట్టలకు అంటించి దాచే చోట్ల, వేలకొద్దీ ఉన్నాయని కూడా అన్నాను. అదే పొరపాటయింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. పందొమ్మిదేళ్లు ఆ పర్వతాల అంచున ఒక హెర్బేరియంలో కూర్చుని, ఎండు మొక్కల పక్కన అంటించిన చీటీలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ విషయంలో నన్ను కదిపితే ఆగను. మిగతా ఉత్తరాలు రాసినవారు మన్నించాలి.

ప్రశ్న: అమ్మా, నేను వృక్షశాస్త్రంలో ఎంఎస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఈనోథెరా సీస్పిటోసా షీట్ల ఫొటోలు వందకు పైగా దించుకున్నాను. పుస్తకంలో పువ్వు తెలుపు అని ఉంది. ఫొటోల్లో ఒక్కటీ తెల్లగా లేదు. చీటీల్లో కొన్నిచోట్ల ‘తెలుపు’ అని, కొన్నిచోట్ల ‘గులాబీ’ అని రాశారు. ఇవి రెండు జాతులా? లేక కొన్నింటికి పేరు తప్పుగా పెట్టారా?

జవాబు: జాతి ఒకటే. తేడా మొక్కలో లేదు, సేకరించిన మనిషి ఎన్ని గంటలకు అక్కడికి చేరాడన్నదానిలో ఉంది.

ఈ పువ్వు ఒక్క రాత్రిది. పొద్దు గూకే వేళకు రక్షక పత్రాలు వెనక్కి విరుచుకుంటాయి. హృదయాకారంలో ఉన్న నాలుగు తెల్లని రేకులు చూస్తుండగానే విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక పెద్ద చిమటలైన హాక్‌మాత్‌లు వస్తాయి. మర్నాడు ఎండ ఎక్కేసరికి రేకులు గులాబీ రంగుకు తిరిగి, పిండిన గుడ్డలా మెలిపడి వేలాడతాయి. సాయంత్రం చూసినవాడు తెలుపు అని రాశాడు, పదకొండింటికి వెళ్లినవాడు గులాబీ అని రాశాడు. ఇద్దరూ నిజమే రాశారు.

ఫొటోల్లో తెల్లనిది ఒక్కటీ ఎందుకు లేదంటే, అట్టల మధ్య ఎండటంలో కూడా రేకులు రంగు మారతాయి. అందువల్ల షీటు మీది రంగును సాక్ష్యంగా తీసుకోవద్దు, ఆకారాన్ని తీసుకోండి. రంగు పోతుంది కానీ నొక్కిన క్షణాన ఉన్న ఆకారం వందేళ్లయినా అలాగే ఉంటుంది. రేకులు పరుచుకుని ఉంటే సాయంత్రమో తెల్లవారుజామునో నొక్కారు. మెలిపడి ఉంటే పగలు నొక్కారు. ఒక్క జాగ్రత్త: సాయంత్రం కోసి, సంచిలో వేసుకుని, బసకు వెళ్లి భోజనం చేసి అప్పుడు నొక్కినవాళ్లూ ఉంటారు. వాళ్ల పువ్వులూ పగటి పువ్వుల్లాగే వాడిపోయి కనిపిస్తాయి.

నేను చదివిన షీట్లలో విచ్చిన పువ్వుల కన్నా వాడినవే చాలా ఎక్కువ. కారణం సులువు. సేకరించేవారు పగలు నడుస్తారు, రాత్రి నిద్రపోతారు. మీ ప్రాజెక్టులో రేకుల పొడవు కొలిచే పని ఉంటే మెలిపడిన వాటిని పక్కన పెట్టండి. లేకపోతే మీరు కొలిచేది పువ్వును కాదు, సేకరించినవారి దినచర్యను. ఏ నెలలో పూసిందన్న లెక్కకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. వాడిన పువ్వూ ఆ తేదీకి సాక్షే.

ఇక పేరు సరైనదో కాదో తేల్చుకోవడానికి మొక్క మొదలు చూడండి. ఈ జాతికి సాధారణంగా కాండం ఉండదు. ఆకులన్నీ నేలకు అంటుకుని చక్రంలా పరుచుకుంటాయి. పువ్వు కింద పొడవైన కాడ కనిపిస్తుంది. అది కాడ కాదు. కొత్తవాళ్లందరూ అక్కడే బోల్తా పడతారు. అండాశయం అట్టడుగున ఆకుల మొదళ్లలో దాగి ఉంటుంది. దానికీ రేకులకూ మధ్య ఉన్నది బోలుగా ఉండే పుష్పనాళం. నాలుగు సెంటీమీటర్ల నుంచి పద్నాలుగు దాకా పొడవుంటుంది. దాని అడుగున ఉన్న తేనె అందుకోవాలంటే చాలా పొడవైన నాలుక కావాలి. హాక్‌మాత్‌లకు అది ఉంది. ఆకుల మధ్యలోనే పోయినేటి కాయలు కొయ్యలా గట్టిపడి మిగిలి ఉంటే ఇంకా మంచిది. వాటి అంచుల వెంట బుడిపెలు కనిపిస్తాయి.

గులాబీ రంగుకు తిరిగే తెల్లపువ్వులు ఆ పర్వతాల్లో ఇంకా ఉన్నాయి. ఈనోథెరా పాలిడా, ఈనోథెరా కొరొనోపిఫోలియా రెండూ అంతే. కానీ వాటికి కాండం స్పష్టంగా ఉంటుంది, మొగ్గలు తల వంచుకుంటాయి. కొరొనోపిఫోలియా పుష్పనాళం నోట్లో తెల్లని నూగు దట్టంగా ఉంటుంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెబుతాను. కేసరాల మధ్య సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది సాలెగూడు కాదు, బూజూ కాదు. ఈ కుటుంబంలో పుప్పొడి రేణువులు జిగురు దారాలతో ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. వాలిన పురుగుకు దండలా తగులుకుంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను ఒక షీటును కుంచెతో శుభ్రంగా తుడిచి, పని బాగా చేశానని మురిసిపోయాను. మా పై అధికారిణి ఏమీ అనలేదు. కుంచె మాత్రం తీసి తన సొరుగులో పెట్టుకుంది.

ప్రశ్న: నేను లెక్కల మాస్టారిని. కుతూహలం కొద్దీ ఈ మొక్క రికార్డులను పటం మీద చూశాను. చుక్కలు చాలావరకు రోడ్ల వెంటే ఉన్నాయి. ఒక చుక్క దగ్గర ఎత్తు 7,200 మీటర్లని ఉంది. కొన్ని రికార్డులకు ‘రాకీ పర్వతాలు’ అన్న రెండు మాటలే చిరునామా. ఇలాంటి సమాచారంతో ఏ లెక్క చేయగలం?

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ 7,200. ఆ రికార్డు నేను ఎక్కించినది కాదని కోరుకుంటున్నాను, కానీ ప్రమాణం చేయలేను. రాకీ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ ఎల్బర్ట్ శిఖరమే 4,401 మీటర్లు. చీటీ మీద ఉన్నది అడుగులు. కంప్యూటర్లో ఆ గడికి మీటర్లని పేరు. చీటీ చదివే మనిషికి మధ్యాహ్నం నిద్ర వస్తోంది. అంతే, మొక్క ఆకాశంలో మొలిచింది. 7,200 అడుగులంటే దాదాపు 2,195 మీటర్లు, ఈ మొక్క హాయిగా పెరిగే ఎత్తు. నేను ఒకే వారంలో పదకొండు మొక్కలను ఇలా ఆకాశానికి ఎత్తానని తర్వాత ఒక విద్యార్థి పట్టుకున్నాడు. ఎత్తును, ఆ చోటి నేల ఎత్తుతో పోల్చి చూడటం ఆనాటి నుంచి నాకు అలవాటయింది. మీరూ ముందు ఆ పని చేయండి. గుండ్రని అంకెల్ని కూడా నమ్మకండి. పాత చీటీల్లో 6,000, 7,000, 8,000 తెగ కనిపిస్తాయి. మొక్కలు వెయ్యేసి అడుగులకు ఒక మెట్టు చొప్పున ఎక్కవు కదా.

రోడ్ల సంగతి రెండు విధాలుగా నిజం. మనుషులు వెళ్లగలిగిన చోటికే వెళ్లారు కాబట్టి చుక్కలు రోడ్ల వెంట ఉన్నాయి, అంతకు ముందు రైలు పట్టాల వెంట ఉన్నాయి. కానీ ఈ మొక్కకు తెగిన కట్టలు, జారే మట్టి వాలులు నిజంగానే ఇష్టం. బంకమట్టి గుట్టల మీద పెరుగుతుంది కాబట్టి అక్కడివాళ్లు దీన్ని గంబో లిల్లీ అంటారు. ఆ ప్రాంతంలో తడిస్తే కాళ్లకు అంటుకుని వదలని బంకమట్టిని గంబో అంటారు. రోడ్డు కోసం కొండను కోస్తే ఈ మొక్కకు ఇల్లు కట్టినట్టే. పటం మీది చుక్కల్లో మొక్క ఇష్టమెంత, మన సౌకర్యమెంత అన్నది విడదీయాలంటే ఒక మార్గం ఉంది. అదే దారుల్లో అదే కాలంలో సేకరించిన ఇతర మొక్కల చుక్కలు కూడా వేసి చూడండి. ఇతర మొక్కలు ఉండి ఇది లేని చోటు మీకు ఒక సమాచారం. ఏ మొక్కా లేని చోటు మాత్రం ఎవరూ వెళ్లని చోటు, అంతకు మించి ఏమీ చెప్పదు.

ఇంకా ఒక చిక్కుంది. వయోమింగ్ విశ్వవిద్యాలయంలో 1893లో హెర్బేరియం మొదలుపెట్టిన ఏవన్ నెల్సన్ 1899 వేసవిలో యెల్లోస్టోన్ జాతీయ వనమంతా తిరిగి మొక్కలు సేకరించాడు. ఆయనలాంటివారు ఒకే చోట ఒకే రోజు సేకరించిన ఒకే జాతి మొక్కలకు ఒకే సంఖ్య ఇచ్చి, జతలు జతలుగా ఎన్నో హెర్బేరియంలకు పంపేవారు. అవన్నీ ఈరోజు వేర్వేరు రికార్డులుగా పటం ఎక్కుతాయి. ఒక మధ్యాహ్నం నడక పది చుక్కలవుతుంది. సేకరించినవారి పేరు, సంఖ్య, తేదీ మూడూ కలిస్తే ఒకటిగా లెక్కించండి.

‘రాకీ పర్వతాలు’ అనే చిరునామాను పటం మీద పెట్టకండి. పెట్టాలనే ఉబలాటం ఉంటే చుక్క బదులు వృత్తం గీయండి. ‘ఫలానా స్టేషనుకు నాలుగు మైళ్లు పడమర’ అంటే వృత్తం చిన్నది. టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ అంకెలు రాసి ఉంటే ఇంకా చిన్నది. అమెరికా భూమి కొలతల్లో ఒక సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న గడి. వృత్తం ఎంత పెద్దదో రికార్డు పక్కనే అంకెగా రాయడం ఇప్పుడు పద్ధతి. ఆ అంకె లేకుండా ఆరు దశాంశాల అక్షాంశ రేఖాంశాలు రాసి ఉన్న పాత రికార్డు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1880లో గుర్రం మీద వెళ్లినవాడికి ఆ దశాంశాలు ఎక్కడివి?

అయితే పాతవన్నీ అన్యాయంగా లేవు. అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ పసిఫిక్ తీరం దాకా వెళ్లి తిరిగి వస్తూ 1806 జులై 17న మిస్సోరీ నది జలపాతాల దగ్గర ఈ మొక్కనే తీసుకున్నాడు. అప్పటికి దీనికి లాటిన్ పేరు లేదు. థామస్ నటాల్ పెట్టిన పేరు 1813లో గాని అచ్చు కాలేదు. లూయిస్ తెచ్చిన మొక్కలు ఫిలడెల్ఫియాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి చీటీల్లో చాలావాటిని తర్వాత వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ తిరగరాశాడు. జలపాతాల పేరు, తేదీ ఉంటే చాలు, పటం మీద చిన్న వృత్తమే వస్తుంది. రెండు వందల ఏళ్ల కిందటి ప్రయాణికుడు అంత రాయగలిగినప్పుడు, జేబులో ఫోను పెట్టుకుని ‘కొండ మీద, అందంగా ఉంది’ అని రాసే ఈ కాలం వాళ్లను ఏమనాలి?

ప్రశ్న: ఒకే షీటు మీద నాలుగు చీటీలు, నాలుగు పేర్లు చూశాను. ఏది నిజం? పండితులు ఒక మాట మీద ఉండరా?

జవాబు: ఉండరు. ఉంటే ఆ శాస్త్రం ఆగిపోయినట్టే. కింది చీటీ సేకరించినవారిది. దాన్ని ఎవరూ చింపకూడదు, కొట్టేయకూడదు. తర్వాత వచ్చినవారు తమ అభిప్రాయాన్ని చిన్న చీటీ మీద రాసి, పేరు, సంవత్సరం వేసి పక్కన అంటిస్తారు. సామాన్యంగా తాజా చీటీ చూడండి. కానీ దాన్ని రాసింది ఎవరో కూడా చూడండి. ఆ ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) జీవితమంతా చదివినవారు రాసిన పాత చీటీ, ఒక పూట వచ్చి వెళ్లినవారి కొత్త చీటీ కన్నా మేలు.

ఈ మొక్క విషయంలో పేర్లు మారడానికి కారణం ఉంది. న్యూయార్క్‌లో పనిచేసిన స్వీడన్ దేశీయుడు పెర్ ఆక్సెల్ రిడ్‌బెర్గ్ చిన్న చిన్న ప్రజాతులుగా విడగొట్టడంలో దిట్ట. 1917లో వచ్చిన ఆయన రాకీ పర్వతాల వృక్ష గ్రంథం చేతబట్టుకున్నవారు ఈ మొక్క చీటీ మీద పాకిలోఫస్ అని, కాండం ఉన్న తెల్లపువ్వుల చీటీ మీద అనోగ్రా అని రాశారు. తర్వాతి తరం వాటన్నిటినీ తిరిగి ఈనోథెరాలో కలిపింది. కాబట్టి ఈనోథెరా అని మాత్రమే వెతికితే, చీటీ మార్చని షీట్లు మీకు దొరకవు. పాత పేర్లతో కూడా వెతకాలి.

దీనికి ఎదురు దిక్కున నడిచిన కథ కూడా ఉంది. పర్వతాల పచ్చిక మైదానాల్లో కాండం లేని పసుపు పువ్వు ఒకటి ఉంది. ఒకప్పుడు దాన్నీ ఈనోథెరా అనేవారు. తర్వాత కామిసోనియా అన్నారు, ఇప్పుడు టారాక్సియా సబకాలిస్ అంటున్నారు. ఈ మార్పు నాకు పూర్తిగా నచ్చింది, ఎందుకంటే కంటికి కనిపించే కారణం ఉంది. ఈనోథెరా కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, నాలుగు పాయలుగా చీలి శిలువలా ఉంటుంది. టారాక్సియాది గుండ్రని బొడిపె. పైగా టారాక్సియా పువ్వు పగటిది. దాని పువ్వు కింద ఉన్న ‘కాడ’ పుష్పనాళం కూడా కాదు, అండాశయం పై కొస సన్నగా సాగి అలా అయింది. అదే పచ్చికలో ఈనోథెరా ఫ్లావా అనే పసుపు పువ్వు కూడా ఉంటుంది. అది అసలైన సాయంత్రపు పువ్వు, దాని కాయలకు రెక్కలుంటాయి. హెర్బేరియం బీరువాల్లో ఈ రెండూ ఒకదాని మడతలో ఒకటి దొరకడం నాకు చాలాసార్లు ఎదురైంది. కీలాగ్రం చూస్తే అర నిమిషం పని.

ప్రశ్న: ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె ఈ మొక్కదేనా? వాడవచ్చా?

జవాబు: కాదు. దాన్ని ప్రధానంగా తోటల్లో, పొలాల్లో పెంచే ఈనోథెరా బయెన్నిస్ గింజల నుంచి తీస్తారు. వాడవచ్చా అన్నది వైద్యుల్ని అడగండి. అన్నట్టు, వీటిలో ఏదీ ప్రిమ్‌రోజ్ కాదు. ప్రిమ్‌రోజ్‌ల కుటుంబమే వేరు.

ప్రశ్న: మంచి కెమెరాలు అందరి చేతుల్లో ఉన్న రోజుల్లో కూడా మొక్కను పెరికి ఎండబెట్టడం హింస కాదా? ఫొటో చాలదా?

జవాబు: కోపంగా రాశారు, కానీ అడగవలసిన ప్రశ్నే. చాలా సందర్భాల్లో ఫొటో చాలు. కొలరాడోలో పెరిగే ఈనోథెరా హారింగ్టోనై లాంటి అరుదైన మొక్క కంటపడితే మీరు ఫొటోతో వెనక్కి వచ్చేయాలనే నేనూ అంటాను. ఎక్కువ మొక్కలున్న చోట కూడా ఇరవైకి ఒకటి మించి తీయకూడదని ఒక లెక్క ఉంది. అనుమతి లేకుండా ఆ ఒక్కటీ తీయకూడదు. అరుదైనవాటి చిరునామాను హెర్బేరియంలు బయటివారికి మసకగా చూపించడం కూడా అందుకే. అది దాచుకోవడం కాదు.

అయితే ఫొటో చూపలేనిది ఒకటి చెబుతాను, ఆ తర్వాత మీరే తీర్పు ఇవ్వండి. రాకీ ప్రాంతంలో నిటారుగా పెరిగే పసుపు పువ్వులు రెండున్నాయి: ఈనోథెరా ఎలాటా, ఈనోథెరా విల్లోసా. ఎలాటా పువ్వు పెద్దది. కీలాగ్రం పరాగకోశాల (పుప్పొడి సంచుల) కన్నా పైకి చాచుకుని, వేరే మొక్క నుంచి వచ్చే పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. విల్లోసా పువ్వు చిన్నది. పరాగకోశాలు కీలాగ్రం చుట్టూ మూగి ఉంటాయి కాబట్టి తన పుప్పొడి తనకే సరిపోతుంది. రెండింటికీ క్రోమోజోములు పద్నాలుగే. కానీ విల్లోసాలో కణ విభజన వేళ ఆ పద్నాలుగూ చేతులు పట్టుకుని ఒకే వలయంగా నిలబడతాయి. ఆ ఏర్పాటు ఫలితంగా పుప్పొడిలో దాదాపు సగం రేణువులు డొల్ల. షీటు మీద విచ్చడానికి సిద్ధంగా ఉన్న మొగ్గ నుంచి ఒక్క పరాగకోశం తీసి, రంగు ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద పెడితే నిండు రేణువులు రంగు పట్టి, డొల్లవి పట్టకుండా పక్కపక్కనే కనిపిస్తాయి. పువ్వు ఆకారం అనుమానంగా ఉన్నప్పుడు ఆ లెక్క దారి చూపుతుంది. పుట్టి ఎనభై ఏళ్లయిన పువ్వులోనూ ఆ సగం లెక్క నేను కళ్లారా చూశాను. దాన్ని సేకరించిన మనిషి, ఎప్పుడో దాన్ని ఇలాంటి ప్రశ్న అడుగుతారని అనుకుని ఉండడు. ఎనభై ఏళ్ల నాటి ఫొటోను మనం ఏ కొత్త ప్రశ్న అడగగలం?

ప్రపంచంలో మూడు వేలకు పైగా హెర్బేరియంలు ఉన్నాయి, వాటిలో 39 కోట్లకు పైగా నమూనాలున్నాయి. అందులో చాలావాటిని ఇంకా ఎవరూ సరిగా చూడలేదు. కొత్తగా ఒక మొక్క పీకే ముందు ఆ బీరువాలు తెరవమని అంటే మాత్రం నేను మీ పక్షమే.

ప్రశ్న: ఇంతలా చెబుతున్నారు కదా, ఈ పువ్వును సరిగా నొక్కడం ఎలా?

జవాబు: సాయంత్రం వెళ్లండి. మొక్కలను నొక్కే ప్రెస్సు వెంట తీసుకుని వెళ్లండి, మొక్కను ప్రెస్సు దగ్గరికి తేవడం కాదు. పువ్వు విచ్చిన వెంటనే రేకుల పైనా కిందా పల్చని కాగితం పెట్టి నొక్కాలి. ఆ కాగితాన్ని పువ్వు పూర్తిగా ఎండేదాకా కదపకూడదు. చుట్టూ ఉన్న పీల్చుడు కాగితాలు మాత్రమే రోజూ మార్చండి. ఒక పువ్వును నిలువునా చీల్చి, నాళం లోపలి భాగం కనిపించేలా పరచండి. తల్లివేరు లావుగా ఉంటుంది, దాన్నీ నిలువునా చీల్చకపోతే షీటు ఎత్తుగా ఉబ్బి పక్క షీట్లను పాడు చేస్తుంది. అసలు వేరు తీయాలా వద్దా అన్నది అక్కడున్న మొక్కల సంఖ్యను బట్టి ఆలోచించండి. ఒక కాయను తప్పనిసరిగా తీసుకోండి. విడిపోయే గింజలకు చిన్న కాగితపు పొట్లం కట్టి షీటుకు అంటించండి.

రంగు అక్కడే, ఆ క్షణానే రాయండి. దాని పక్కనే గంట కూడా రాయండి. తేదీ అందరూ రాస్తారు, ఈ మొక్కకు గంట కావాలి.

నేను మొట్టమొదట నొక్కిన ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ షీటు మేము పనిచేసిన చోటే బీరువాలో ఉంది. చీటీ మీద చోటు, ఎత్తు, నేల స్వభావం, పక్కన పెరిగిన మొక్కలు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. గంట రాయలేదు. రాయకపోయినా ఫరవాలేదు, పువ్వు మెలిపడి ఉంది. ఆ రోజు నేను ఎంత ఆలస్యంగా లేచానో ఆ బీరువా తెరిచిన ప్రతివారికీ తెలుస్తుంది.